ఆవిరి ఓడా, కోటు లేని పిన్నిగారూ

నేను వంగి ఆవిడ పాదాలు తాకబోయాను. కాళ్ళ మీద నిప్పు పడ్డట్టు ఆవిడ వెనక్కి గెంతింది.

“వద్దమ్మా, వద్దు. మేడమ్‌గారు చూస్తారు.”

నాకు భయం మొదలైంది సరిగ్గా అప్పుడు. నా చేతిలో అక్షింతలున్నాయి. నా కొంగు పట్టుకుని మా చిన్నది నిలబడి ఉంది. హాల్లో ఎవరో ఏదో అంటే అందరూ పగలబడి నవ్వుతున్నారు. ఆవిడ మాత్రం నన్ను చూడడం లేదు. నా భుజం మీదుగా ఆ హాలు వైపే చూస్తోంది.

ఆవిడను మాకు పరిచయం చేసింది ఆ ఇంటావిడే. “మా పిన్ని. అమ్మకి సొంత చెల్లెలు. పోయిన జనవరిలో వచ్చింది, పాపని చూసుకోడానికి” అంది పులిహోర వడ్డిస్తూ. అక్క కూతుర్ని మేడమ్‌గారు అనే పిన్నిని నేనెక్కడా చూడలేదు.

మేముండేది మిషిగన్‌లో, నోవైలో. ఆ ఇల్లు మా ఆయన మేనేజర్‌ది. కార్తీకమాసమని సత్యనారాయణ వ్రతం చేసుకుని టీమ్‌లో ఉన్న తెలుగువాళ్ళందరినీ పిలిచారు. వ్రతం అయ్యాక దంపతులిద్దరూ పెద్దవాళ్ళ చేతికి అక్షింతలిచ్చి దండాలు పెట్టారు. మొదట డాక్టర్ ఆంటీకి. ఆవిడ చాలా ఏళ్ళ కిందట వచ్చి, ఇక్కడే ప్రాక్టీసు చేసి రిటైరైన మనిషి. తర్వాత ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళకి. వంటింటి గుమ్మంలో నిలబడ్డ పిన్నిగారిని దాటుకుని వెళ్ళిపోయారు. హడావిడిలో మరిచిపోయారనుకున్నాను. ఇంత పెద్దావిడ చిన్నబుచ్చుకుంటుందేమోనని వాళ్ళ బదులు నేను అక్షింతలు పట్టుకుని వెళ్ళాను.

వాళ్ళు చేసిన పొరపాటు అదే. పిన్ని అని ఊరంతా చెప్పుకున్నారు, కాళ్ళకు దండం పెట్టాలన్న సంగతి మాత్రం తట్టలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆ ఏడాది మొదటి మంచు పడుతోంది. కారులో మా ఆయనకు చెప్పాను.

“నీకు అన్నిటికీ అనుమానమే” అన్నారు ఆయన. “బ్యాటరీ అయిపోయి అలారం కుయ్ కుయ్‌మంటే గ్యాస్ లీకని ఫైర్ ఇంజన్ పిలిచావు. గుర్తుందా?”

గుర్తుంది. ఆ ఫైర్ ఇంజన్ మా అపార్ట్‌మెంట్లలో ఇప్పటికీ జోకు. నాకు భయం ఎక్కువ, ఒప్పుకుంటాను. పిల్లలు నిద్రలో దగ్గితే లేచి కూర్చుంటాను. మా ఆయన ఆఫీసు నుంచి పదినిమిషాలు ఆలస్యమైతే దారిలో యాక్సిడెంట్లేమైనా ఉన్నాయేమోనని ఫోన్లో వెతుకుతాను. ఇది రాస్తున్నది కూడా అందుకే. రాత్రి నిద్ర పట్టదు, ఇల్లు సద్దుమణిగాక ఈ టేబుల్ దగ్గర కూర్చుంటాను.

ఈ టేబుల్ మీదే ఆ నెలంతా ఓడ ఉండేది.

మా పెద్దది ఫిఫ్త్ గ్రేడ్. బళ్ళో ఓడల మీద ప్రాజెక్టు ఇస్తే అది ఆవిరి ఓడను ఎంచుకుంది. పొగగొట్టం ఉంటుందని, అంతకన్నా కారణం లేదు. బానిసల్ని ఎక్కించుకుని సముద్రం దాటే ఓడల్ని పట్టుకోవడానికి ఆఫ్రికా తీరం వెంబడి గస్తీ తిరిగిన బ్రిటిష్ యుద్ధనౌక అది. డైపర్ల అట్టపెట్టెతో ఒళ్ళు చేశాం. ఐస్‌క్రీమ్ పుల్లలతో రెండు పక్కలా తెడ్లచక్రాలు. పేపర్ టవల్ గొట్టానికి నల్లరంగు వేస్తే పొగగొట్టం అయింది. మా పాత దిండుగలీబు తెరచాప.

“స్టీమ్ ఉంటే సెయిల్ ఎందుకు అమ్మా?” అంది పెద్దది.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. ఇక్కడికి వచ్చాక వర్క్ పర్మిట్ లేక ఆ చదువు పెట్టెలో సర్టిఫికెట్లతో పాటే ఉంది. ఆ ఓడ పుణ్యమా అని దాన్ని మళ్ళీ బయటికి తీశాను. బాయిలర్ బొమ్మ గీసి చూపించాను. బొగ్గు ఖరీదు, అంత దూరం మోసుకు రావాలి, అందుకని మామూలు రోజుల్లో గాలితోనే నడిపేవాళ్ళు. ఎవర్నైనా తరమాలంటేనో, గాలి పడిపోతేనో బాయిలర్ రాజేసేవాళ్ళు. నీళ్ళు కాగి ఆవిరి ఒత్తిడి పెరగడానికి గంటలు పట్టేది. గాలి లేని రోజు అవతలి ఓడ తెరచాపలు వేలాడేసుకుని ఉన్నచోటే ఉండిపోయేది. ఇది మాత్రం కదిలేది.

వ్రతం మర్నాడు సాయంత్రం నేను గిన్నెలు కడుగుతుంటే పెద్దది లైబ్రరీ పుస్తకం పట్టుకుని వచ్చింది.

“అమ్మా, నీకు తెలుసా? షిప్‌లో పీపుల్ లేకపోయినా వాళ్ళు క్యాచ్ చేయొచ్చు.”

“మనుషులే లేకపోతే ఎలా పట్టుకుంటారే?”

“స్టఫ్ చూస్తారు. టూ మచ్ వాటర్ బ్యారెల్స్. చాలా బిగ్ వంటగిన్నె. అంత కొంచెం మందికి అంత రైస్ ఎందుకు? సో, బ్యాడ్ షిప్.”

“నాకు కూడా బ్యాడ్ షిప్ కావాలి” అంది చిన్నది.

పుస్తకం తీసుకుని చదివాను. నిజమే. మొదట్లో లోపల మనుషులు దొరికితేనే పట్టుకునే హక్కు ఉండేదట. గస్తీ ఓడ కనిపించగానే వాళ్ళను దాచేసి తప్పించుకునేవాళ్ళు. తర్వాత ఒప్పందాలు మార్చారు. ఎక్కువ నీళ్ళపీపాలు, అదనపు అంతస్తు వేసుకోవడానికి చెక్కలు, సంకెళ్ళు, ఇవి కనిపిస్తే చాలు, ఓడను పట్టుకోవచ్చు.

పంపు కట్టేశాను. ఆ ఇంట్లో గరాజ్ తలుపు పక్కన ఉన్న కొక్కేలు కళ్ళ ముందుకొచ్చాయి. బయల్దేరేటప్పుడు మా కోట్లు అక్కడి నుంచే తీసుకున్నాం. ఆయన కోటు, ఆవిడ కోట్లు, కింద వరసగా మంచు బూట్లు. ఇంకా నడక రాని పాపకు కూడా చిన్న కోటు, బొమ్మలున్న బూట్లు. పిన్నిగారికి ఏమీ లేదు. కోటు లేదు, బూట్లు లేవు, చెప్పులు కూడా లేవు. జనవరిలో వచ్చిన మనిషి. మిషిగన్‌లో ఒక చలికాలం గడిపిన మనిషికి కోటు లేదంటే ఆవిడ ఆ గుమ్మం దాటలేదు.

మా ఆయనకు చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు. ఫ్రిజ్ డోర్ పట్టుకునే మాట్లాడారు.

“మన గ్రీన్ కార్డ్ ఫైలింగ్ ఆయనే అప్రూవ్ చేయాలి. ఆఫీసులో లేఆఫ్స్ అంటున్నారు. జాబ్ పోతే సిక్స్టీ డేసే ఉండనిస్తారు, తర్వాత సామాన్లు సర్దుకోవాలి. పిల్లల స్కూల్ మధ్యలో.”

“తెలుసు.”

“వాళ్ళింటి విషయం.”

“ఆవిడకి అది ఇల్లు కాదు కదండీ.”

నేను వెంటనే ఏమీ చేయలేదు. బాయిలర్ రాజుకోవడానికి గంటలు చాలు. నాకు వారం పట్టింది. పచారీ కొట్టు పార్కింగ్‌లో కారు అద్దాలు ఎక్కించుకుని, ఇలా ఇళ్ళలో బందీలై చాకిరీ చేసేవాళ్ళకు సాయం చేసే సంస్థకు ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి నిదానంగా మాట్లాడింది. మీరు బలవంతంగా బయటికి లాగకండి, మీ అంతట మీరు నిర్ణయించకండి, ఒంటరిగా దొరికినప్పుడు ఆవిడనే అడగండి, ప్రాణం మీదికి వస్తే పోలీసుల్ని పిలవండి అంది. తెలుగు మాట్లాడేవాళ్ళు ఫోన్లో దొరుకుతారని కూడా చెప్పింది. ఒంటరిగా దొరకడం ఎలా? ఆ ఇంటి గుమ్మానికి కెమెరా ఉంది. గంట కొడితే ఇంటావిడ ఆఫీసు నుంచే “హలో, ఎవరూ?” అంటుంది.

దారి మళ్ళీ ఓడే చూపించింది. మా పెద్దది రెండో ఓడ కూడా చేసింది, బానిసల ఓడ. దానికి ఏ జెండా పెట్టాలని అడిగింది. చదివి చెప్పాను. ఏది అక్కరకు వస్తే అది ఎగరేసేవాళ్ళట. అమెరికా జెండా కనిపిస్తే బ్రిటిష్ గస్తీవాళ్ళకు ఎక్కి వెతికే హక్కు లేదు కనక చాలామంది అదే ఎగరేసేవాళ్ళట.

“అవర్ ఫ్లాగ్?” దానికి కోపం ముంచుకొచ్చింది. “దట్స్ చీటింగ్! అయితే నా గుడ్ షిప్‌కి కూడా అదే పెడతా.”

పెట్టుకోమన్నాను. అమెరికాకూ అలాంటి గస్తీ ఓడలు ఉండేవి, తప్పేమీ కాదు. పైగా ఆ జెండా అది పుట్టిన దేశానిది. నాది ఇంకా కాలేదు.

అప్పుడు తట్టింది. పిన్ని అన్న మాట ఆ ఇంటి మీద ఎగరేసిన జెండా. సరే, దాన్ని నేను నమ్ముతాను. పిన్నే కదా. పిన్నికి చేయాల్సినవన్నీ చేస్తాను.

డాక్టర్ ఆంటీకి ఫోన్ చేశాను.

“నువ్వేమన్నా సీఐడీవా?” అంది ఆంటీ. “మన పరువు మనమే రోడ్డున పడేసుకుంటామా? తిండి పెడుతున్నారు, నీడ ఇచ్చారు.”

“ఆంటీ, ఆ రోజు మీ కాళ్ళకు దండం పెట్టారు. సొంత పిన్ని అక్కడే నిలబడి ఉంటే ఆవిడకెందుకు పెట్టలేదు?”

అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది. “వాళ్ళింటికి ఎప్పుడు వెళ్దాం?” అంది ఆంటీ.

ఇంటావిడ ఇంట్లో ఉండే సాయంత్రం చూసుకుని ఇద్దరం వెళ్ళాం. నా చేతిలో కుంకుమ భరిణ, భుజం మీద నా పాత కోటు. బొట్టు పెట్టి పిలిస్తే రాననడం మనలో లేదు.

“అక్కా, శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో పేరంటం. తప్పకుండా రావాలి” అని ఆవిడకు బొట్టు పెట్టి, లోపలికి తిరిగి గట్టిగా పిలిచాను. “పిన్నిగారూ!”

ఆవిడ బేస్‌మెంట్ మెట్లెక్కి వచ్చింది, రెండు చేతులా ఉతికిన బట్టల బుట్ట. మెళ్ళో పసుపుతాడు నలిగిపోయి ఉంది. బొట్టు పెట్టాను.

“మీరు పెద్ద ముత్తైదువులు. మీరు వస్తేనే దీపం వెలిగిస్తాను.”

“అయ్యో, పిన్నికి మోకాళ్ళ నొప్పులమ్మా” అంది ఇంటావిడ. “మెట్లెక్కలేదు.”

ఆంటీ బట్టల బుట్టను చూసింది, మెట్లను చూసింది.

“మాది గ్రౌండ్ ఫ్లోరే అక్కా.”

“పాపని ఎవరు చూస్తారు?”

“పాపనీ తీసుకురండి. నేనెత్తుకుంటా” అంది ఆంటీ.

“బయట ఈ చలి తనకి పడదు. అలవాటు లేదు.”

“కోటు తెచ్చాను” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“నీకెందుకమ్మా అంత శ్రమ?”

“ఏమ్మా, సొంత పిన్నిని పేరంటానికి పంపవా?” అంది ఆంటీ. “మీ అమ్మ వింటే బాధపడదూ? నంబర్ ఇవ్వు, నేనే మాట్లాడి ఒప్పిస్తాను.”

ఇంటావిడ ముఖం మీద నవ్వు అలాగే ఉంది. కళ్ళలో మాత్రం లేదు. “భలేవారే ఆంటీ. వస్తాం లెండి.”

శనివారం వచ్చారు. ఇంటావిడ పట్టుచీర, పిన్నిగారు నా నీలం కోటు. మంచు పడి ఆగిపోయిన రోజు అది. బయట ఆకు కదలడం లేదు. పెద్దావిడకు చీర పెడుతున్నాను, కట్టుకుని వస్తారని చెప్పి ఆవిడను పడకగదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. హాల్లో ఆంటీ పాపను ఒళ్ళో వేసుకుని తన మోకాలి ఆపరేషన్ కథ మొదలుపెట్టింది. అది చిన్న కథ కాదు. మా పెద్దది తన ఓడ తెచ్చి ఇంటావిడ ముందు పెట్టింది. “సీ ఆంటీ, నో పీపుల్ నీడెడ్. జస్ట్ ద స్టఫ్.” దాని మాటలు గోడ ఇవతలికి వినిపిస్తున్నాయి.

పిన్నిగారు మంచం అంచు మీద కూర్చుంది. కోటు విప్పలేదు.

“ఒక మాట అడుగుతాను. మీకు ఆ ఇంట్లో ఉండాలని ఉందా?”

తలుపు వైపు చూసింది. “నేను వాళ్ళ పిన్నిని కాదమ్మా.”

“తెలుసండి.”

“పాస్‌పోర్టు సారుగారి దగ్గరుంది. గడప దాటితే పోలీసోళ్ళు జైల్లో ఏస్తారన్నారు. మా అమ్మాయితో మాట్లాడాలన్నా మేడమ్‌గారు పక్కన కూచునే ఫోనిస్తారు. బాగున్నానని చెప్పి పెట్టేయాలి.”

“మీరు ఉంటానంటే నేను ఇక్కడితో ఆపేస్తాను. ఎవరికీ చెప్పను. వెళ్తానంటే సాయం చేసేవాళ్ళున్నారు, పిలుస్తాను. ఆలోచించుకోండి.”

ఉంటాననాలని మనసులో ఒక మూల కోరుకున్నాను కూడా. అలా అంటే మా ఆయన ఉద్యోగం, పిల్లల బడి, అన్నీ అలాగే ఉంటాయి.

ఆవిడ కోటు జిప్పు మెడ దాకా లాక్కుంది.

“మళ్ళీ ఆ ఇంటికి ఎల్లనమ్మా.”

ఫోన్ చేసి, తెలుగు మాట్లాడే ఆమెతో ఆవిడనే మాట్లాడమన్నాను. బయల్దేరుతున్నాం, కాస్త ఓపిక పట్టండి అన్నారు. ఆ కాస్తలోనే తలుపు తోసుకుని ఇంటావిడ వచ్చింది.

“చీర కట్టడానికి ఇంతసేపా? పిన్నీ, పద. పాప ఏడుస్తోంది.”

“ఆవిడ రారక్కా.”

“వాట్?”

“రానంటున్నారు.”

“దిస్ ఈజ్ కిడ్నాపింగ్! ఆ ఫైర్ ఇంజన్ తమాషా చాల్లేదా నీకు? నీ హస్బెండ్ ఎవరి టీమ్‌లో ఉన్నాడో తెలుసా?”

“ఎందుకు తెలియదు? వ్రతానికి పిలిచినా, బర్త్‌డేకి పిలిచినా మీరు గుర్తుచేస్తూనే ఉంటారు కదా.”

“వీసా మీద ఉన్నవాళ్ళు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి.”

“వీసా మీదే ఉన్నాం. నోరు కూడా ఉంది. బొట్టు పెట్టి పిలిచిన మనిషి మా ఇంట్లోంచి ఎటు వెళ్ళాలో ఆవిడే చెప్తారు. మీరు కాదు, నేనూ కాదు.”

నా వెనక నుంచి వినిపించింది. చిన్న గొంతు, కానీ హాలు దాకా వెళ్ళింది. “నేను రానండి, మేడమ్‌గారూ.”

హాల్లో ఆంటీ మాట మధ్యలో ఆపేసింది. పేరంటానికి వచ్చిన వాళ్ళందరూ విన్నారు. ఆ ఒక్క మాటతో అందరికీ అర్థమైంది, ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

మా ఆయన ఎప్పుడొచ్చి నిలబడ్డారో నా పక్కనే ఉన్నారు. చేతిలో కారు తాళాలు గలగలమంటున్నాయి. “ఆవిడ రానన్నారు కదండీ” అన్నారు. అంతే. మా పెళ్ళయ్యాక ఆయన అన్న మాటల్లో నాకు ఎక్కువ నచ్చింది అదే.

ఇంటావిడ పాపను తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ సోమవారం ఆఫీసులో మాట్లాడుకుందామంది. సంస్థ నుంచి ఒకామె వచ్చింది, వెంట యూనిఫాం లేని ఒక పోలీసు ఆఫీసర్. పోలీసు అనగానే పిన్నిగారు నా చెయ్యి పట్టుకుంది. ఆ ఆఫీసర్ కుర్చీ లాక్కుని ఆవిడ కన్నా కిందికి కూర్చుని, మీరేం తప్పు చేయలేదని ముందు చెప్పింది. ఫోన్లో తెలుగు ఆమె ఆ మాటను ఆవిడకు మళ్ళీ మళ్ళీ చెప్పింది.

ఆవిడ వాళ్ళతో బయల్దేరేముందు నేను వంగి పాదాలు తాకాను. ఈసారి వెనక్కి జరగలేదు. నా తల మీద చెయ్యి పెట్టి, తాంబూలంలో ఉన్న అక్షింతలు తీసి చల్లింది.

ఆ గస్తీ ఓడలవాళ్ళు మహాత్ములని నేను అనుకోవడం లేదు. ఓడ పట్టుకుంటే వాళ్ళకు బహుమానం దక్కేది. విడిపించినవాళ్ళను ఇంటికి కాదు, ఏదో ఒక ఒడ్డున దించేవాళ్ళు. ఆవిడ కూడా ఇంకా ఇంటికి వెళ్ళలేదు. కేసు నడుస్తోంది. కూతురితో రోజూ మాట్లాడుతోందట, పక్కన ఎవరూ కూచోకుండా. ఇది రాస్తున్న రోజుకి మా ఆయనకు ఉద్యోగం ఉంది. గ్రీన్ కార్డ్ ఫైలు మాత్రం కదలడం లేదు. తెలుగువాళ్ళలో సగంమంది మమ్మల్ని పిలవడం మానేశారు. మిగతా సగంలో ఒకావిడ మొన్న గుడి పార్కింగ్‌లో నా చెవి దగ్గరకు వచ్చి “మంచిపని చేశావు” అని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. నాకు ఒళ్ళు మండింది.

నాకు భయం పోలేదు. ఇప్పుడూ పిల్లలు దగ్గితే లేస్తాను. కానీ ఆ నీలం కోటు ఆ ఇంటి కొక్కేనికి కాకుండా ఇంకెక్కడో వేలాడుతోందని తలుచుకుంటే, భయపడుతూనే నడుం నిటారుగా పెట్టి కూర్చోగలను.

పేరంటం మర్నాడు, ఆదివారం పొద్దున, పిల్లలు పాలల్లో సీరియల్ వేసుకుని తింటుంటే పెద్దది అడిగింది. “అమ్మా, ఆర్ వీ ఇన్ ట్రబుల్?”

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు.

“అయ్యుండొచ్చు. నాన్న ఆఫీసు మారొచ్చు, మనం ఊరే మారొచ్చు. ఓడను మాత్రం వెంట తీసుకెళ్దాం, విరగనివ్వను. బళ్ళో మీ ఫ్రెండ్స్ అడుగుతారు, మీ ఇంట్లో ఏం జరిగిందని. ఒకావిడ మా ఇంటికి పేరంటానికి వచ్చింది, తిరిగి ఆ ఇంటికి వెళ్ళలేదు అని చెప్పండి. ఎందుకని అడిగితే, వెళ్ళడం ఆవిడకి ఇష్టం లేదని చెప్పండి. గుసగుసలాడకండి. అన్నం కావాలని ఎలా అడుగుతారో, ఆ గొంతుతోనే చెప్పండి.”